ఎర్ర దారం లేని గుడ్డ

మా పిన్ని విమానాలు తయారుచేస్తుందంటే ముందు ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు "అయితే ఇంజనీరా?" అంటారు. కాదు, గుడ్డలు పరుస్తుంది అంటే మొహం అదోలా పెడతారు. ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విమానమంటే ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉత్త రేకే అనుకునేవాళ్ళతో ఎంతకని వాదిస్తాం? నల్లటి కార్బన్ గుడ్డని జిగురుతో కలిపి అచ్చులో పొర మీద పొర పరిచి, గదంత ఓవెన్‌లో ఒత్తిడి పెట్టి ఉడికిస్తే, అది రేకు కన్నా ఎంతో తేలికగా, దానికి ఏమాత్రం తీసిపోనంత గట్టిగా తయారవుతుంది. పెద్ద పెద్ద విమానాల తోకలు అలాగే చేస్తున్నారు. ఆ గుడ్డ పరిచేవాళ్ళలో పిన్ని ఒకతె. మా అమ్మకి స్వయానా చెల్లెలు. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడకి అదే ఫ్యాక్టరీ, అదే హాలు.

ఆ హాల్లోకి అడుగుపెట్టాలంటే తల నుంచి కాళ్ళ దాకా తెల్ల బట్టలు వేసుకోవాలి, టోపీ పెట్టుకోవాలి, చేతులకి గ్లౌజులు తొడుక్కోవాలి. ఉత్త చేత్తో పనిని ముట్టుకోవడానికి వీల్లేదు. ఎంత సబ్బు రుద్దినా చేతికి ఏదో ఒక జిడ్డు ఉంటుందట, ఆ జిడ్డు అంటిన చోట జిగురు పట్టదట. గుడ్డని మధ్యలోంచి అంచులకి తోస్తూ, గాలి బుడగ మిగలకుండా పరచాలి. ఈ చాదస్తమంతా ఆవిడతోపాటు ఇంటికి కూడా వచ్చింది. పిన్ని పక్క వేసిందంటే దాని మీద కూర్చోవడానికి మాకే మొహమాటం. వీధిలో ఎవరు కొత్త ఫోను కొన్నా స్క్రీన్ గార్డు అంటించుకోవడానికి ఆవిడ దగ్గరికే వస్తారు. అంటించి ఇస్తూ, అంచు ఎలా పట్టుకోవాలో ఓ క్లాసు కూడా పీకుతుంది.

ఇక మా బాబాయి, అంటే పిన్ని భర్త, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆయన కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నిద్రలో కూడా "క్లచ్, క్లచ్!" అని కేకలేస్తాడని పిన్ని అంటుంది. ఊళ్ళో అందరికీ ఆయన క్లచ్ మాస్టారే. "ఇంకొకళ్ళు నడుపుతుంటే పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం" అని వాపోయేవాడు. ఆ కసి తీర్చుకోవడానికి ఊరి చివర ఉన్న ఫ్లయింగ్ క్లబ్బులో చేరి, జుట్టు నెరిశాక విమానం నడపడం నేర్చుకున్నాడు. లైసెన్సు కూడా వచ్చింది. వచ్చాక క్లబ్బువాళ్ళ విమానంలో గంట లెక్కన తిరగడం ఆయనకి ఆనలేదు. ఫోముతో, గాజు పీచుతో నేసిన గ్లాసు గుడ్డతో ఎవరికి వాళ్ళు ఇంట్లోనే కట్టుకునే రెండు సీట్ల చిన్న విమానం ప్లాన్లు సంపాదించి, ఒకరోజు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు.

పిన్ని చెడామడా దులిపేస్తుందని మేమంతా తమాషా చూడ్డానికి సిద్ధంగా ఉన్నాం. ఆవిడ కాగితాలు టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, చాలాసేపు చూసింది. "ఈ రెక్క జాయింటు ఎవరు గీశారో గానీ బుర్రున్నవాళ్ళే" అంది. అదే ఒప్పుకోలు అని బాబాయికి ఒక్కడికే అర్థమైంది.

పని పంచుకున్నారు. ఇంజను, చక్రాలు, తీగలు బాబాయి పాలు. గుడ్డ, జిగురు పిన్ని పాలు. మా అమ్మ మాత్రం చూసినప్పుడల్లా గొడవ పెట్టేది.

"నువ్వు ఇంట్లో కూర్చుని అతికించినదాంట్లో మొగుణ్ణి పైకి పంపిస్తావుటే?"

"నేను అతికించాను కాబట్టే పంపిస్తానక్కా. ఇంకొకళ్ళు అతికించి ఉంటే పంపేదాన్ని కాదు."

స్కూలు పాత కారు నిలిపే షెడ్డు ఖాళీ చేసి అందులో మొదలుపెట్టారు. సన్నటి తీగకి కరెంటిచ్చి వేడెక్కించి, దానితో ఫోము దిమ్మల్ని రెక్క ఆకారంలో కోసేవాళ్ళు. దాని మీద గ్లాసు గుడ్డ పరిచి జిగురు పట్టించేవాళ్ళు. నేను ఆదివారాలు వెళ్ళి రెండో కొస పట్టుకునేదాన్ని. మొదట్లో బాబాయి "ఎందుకీ కొంచెం కొంచెం కలపడం" అని విసుక్కుని, మండే మధ్యాహ్నం పూట మగ్గు నిండా జిగురు ఒక్కసారే కలిపాడు. అది కాసేపటికి తనంతట తనే కాగి, పొగలు కక్కి, మగ్గుతో సహా గడ్డ కట్టింది. బాబాయి దాన్ని పట్టకారుతో పట్టుకుని వీధిలోకి పరిగెత్తడం చూసి ఎదురింటివాళ్ళు నీళ్ళ బకెట్లు తెచ్చారు. ఆ తర్వాత జిగురు జోలికి ఆయన రాలేదు.

ఈ పనిలో ఒక మెలిక ఉంది, అది చెబితే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు. గట్టిపడిన పొర మీద ఇంకో పొర తర్వాతెప్పుడో అతికించాలంటే, ముందే ఆ చోట తడి జిగురు మీద పల్చటి నైలాన్ గుడ్డ ఒకటి పరుస్తారు. జిగురు ఆరాక దాన్ని లాగేస్తే కింద శుభ్రంగా, గరుకుగా ఉంటుంది. ఆ గరుకు మీద కొత్త జిగురు బాగా పట్టుకుంటుంది. పిన్ని నోట అది లాగుడు గుడ్డ. దాన్ని తీయడం మరిచిపోయి పైన అతికించేశామా, రెండు పొరల మధ్యా అదే మిగిలిపోతుంది. పైకి అంతా బాగానే ఉంటుంది, అతుకు మాత్రం పేరుకే అతుకు. ఫ్యాక్టరీలో వాడే గుడ్డ బయట దొరకదు, దొరికినా పెద్ద పెద్ద చుట్టలుగా అమ్ముతారు. అందుకని ఇళ్ళలో విమానాలు కట్టేవాళ్ళు బట్టల కొట్లో దొరికే తెల్లటి లైనింగు గుడ్డ వాడతారు. పిన్ని కూడా అదే తెచ్చింది.

ఏళ్ళు గడిచాయి. రెక్కలు అయ్యాయి, తోక అయింది, బాబాయి ఇంజను బిగించాడు. విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. నెమ్మదస్తుడు, ఇలాంటివి ఎన్నో చూసినవాడు. నాణెం తీసుకుని రెక్క పొడవునా టకటక కొట్టుకుంటూ వెళ్ళాడు. లోపల పొర విడిపోయిన చోట శబ్దం బొదబొదమంటుంది, అతుక్కున్న చోట ఖంగుమంటుంది. అంతటా ఖంగుమంది. ఆయన సంతకం పెట్టి, పిన్ని చేతి పనిని మెచ్చుకుని వెళ్ళాడు. రంగు వేయించారు. విమానాన్ని క్లబ్బు షెడ్డుకి తీసుకెళ్ళి రెక్కలు తగిలించారు. మొదట కొన్ని గంటలు బాబాయి ఒక్కడే ఎగరాలి, అది రూలు. వచ్చే ఆదివారం పొద్దున్న అనుకున్నారు. బాబాయి అందుకని క్షవరం కూడా చేయించుకొచ్చాడు.

ఆ వారంలోనే ఫ్యాక్టరీలో ఒకావిడ కొత్తగా చేరింది. అంతకుముందు చెప్పుల కంపెనీలో పనిచేసిందట. పిన్ని ఆవిడకి పని నేర్పుతోంది.

"అక్కా, లాగుడు గుడ్డ తీశానో లేదో మర్చిపోయాననుకోండి, ఎలా తెలుస్తుంది? జిగురు పీల్చుకుంటే అది గాజులా అయిపోయి కనబడదు కదా?"

"అందుకే కదమ్మా దాంట్లో ఎర్ర దారం నేసేది. ఎర్ర దారం కనిపిస్తే గుడ్డ ఉన్నట్టు. కనిపించకపోతే తీసేసినట్టు. చెయ్యి పెట్టి మాత్రం తడమకు, జిడ్డు..."

అక్కడితో పిన్ని మాట ఆగిపోయింది. ఆ కొత్తావిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చిందట.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పిన్ని వచ్చి, భుజానికున్న సంచీ కూడా తీయకుండా షెడ్డులో స్టూలు మీద కూలబడింది.

"ఏమండీ, కుడి రెక్క మొదట్లో, లోపలి దూలానికి పై పొర అతికే చోట, లాగుడు గుడ్డ ఎవరు లాగారు?"

"నువ్వే లాగుంటావు. గుడ్డ పని నీదేగా" అన్నాడు బాబాయి.

"ఎడమ రెక్కది మీరు లాగారు. వేలికి గ్లాసు పీచు గుచ్చుకుందని ఇల్లు పీకి పందిరేశారు, నాకు బాగా గుర్తు. కుడి దానిదే గుర్తు రావడం లేదు. అది పరిచిన మర్నాడే అక్క మోకాలి ఆపరేషన్ అని ఆసుపత్రికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక చూశాను. ఎర్ర దారం కనబడలేదు, తీసేశానులే అనుకుని పై పొర అతికించేశాను. మన గుడ్డకి అసలు ఎర్ర దారమే లేదు కదండీ!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పని రాని మనిషయితే ఉత్త చేత్తో ఓసారి తడిమి చూసేది, నున్నగా తగిలితే గుడ్డ ఉందని ఇట్టే తెలిసిపోయేది. పిన్ని గ్లౌజులు తొడుక్కుంది. కంటితోనే చూసింది. ఇన్నేళ్ళుగా వంటబట్టిన మంచి అలవాట్లే ఆవిణ్ణి ముంచాయి.

బాబాయి తేలిగ్గా తీసుకోబోయాడు. "ఇన్‌స్పెక్టరు కొట్టి చూశాడుగా. ఖంగుమందిగా."

"ఇది కూడా ఖంగుమంటుంది. అతుక్కునే ఉంటుందండీ, ఊడేదాకా."

"ఎప్పుడు ఊడుతుంది?"

"బరువు పడ్డప్పుడు. పైకి వెళ్ళాక."

బాబాయికి కోపం వచ్చింది. ఆయన గొంతు పెంచడం నేను చూడటం అదే మొదలు. గుర్తు లేనంత మాత్రాన తీయనట్టేనా అన్నాడు. అలవాటైన చెయ్యి కదా, తీసే ఉంటావు అన్నాడు. ఆదివారం పెట్టుకుని ఇప్పుడా చెప్పడం అన్నాడు. చివరికి, "అయితే ఏమంటావు? రంగేసిన రెక్క కొయ్యమంటావా?" అని అడిగాడు.

"కొయ్యాలి" అంది పిన్ని.

ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకు భయంగా ఉంది" అంది నాతో. "గుడ్డ లోపల ఉందేమోనని భయం. లేకపోతే ఇంకో భయం. బంగారం లాంటి రెక్కని ఊరికే కోసి పారేసినదాన్నవుతాను. ఈయన జన్మలో క్షమించడు." నేను టీ పెట్టి ఇస్తే చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి బాబాయి పాఠానికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేసి, కారు గుమ్మం ముందు పెట్టి ఉన్నాడు. వెనక సీట్లో చిన్న రంపం, కత్తి, ఇసుక కాగితం. మొహం ఇంకా ముడుచుకునే ఉంది.

"ఎక్కు" అన్నాడు పిన్నితో. "అనుమానం వస్తే బ్రేకు తొక్కడమే నా పని. తొక్కినప్పుడల్లా ‘ఏం కాలేదుగా మాస్టారూ’ అంటారు వెధవలు. ఇప్పుడు నేను అదే మాట అంటే బాగుంటుందా?"

క్లబ్బు షెడ్డులో పిన్ని కుడి రెక్క మొదట్లో పెన్సిలుతో అరచేతంత గడి గీసింది. రంపం పెట్టింది. తెల్లటి రంగు మీద మొదటి గీత పడగానే బాబాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. మూడు పక్కలా కోసి, కత్తి మొన దూర్చి కొద్దిగా ఎత్తింది. ఎక్కువ కష్టపడాల్సిన అవసరం రాలేదు. డబ్బా మూతలా పొర మొత్తం పైకి లేచింది. కింద లైనింగు గుడ్డ, బట్టల కొట్లో కత్తిరించి ఇచ్చిన అంచుతో సహా, అద్దంలా మెరుస్తోంది.

బాబాయి వేళ్ళతో దాన్ని పట్టుకుని లాగాడు. వచ్చేసింది. ఇంకాస్త లాగాడు, ఇంకాస్త వచ్చింది. ఆ గుడ్డ చేతిలో పట్టుకునే నేల మీద చతికిలబడ్డాడు.

"ఇంత తేలిగ్గానా?" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది పిన్ని. అంతదాకా కంట తడి పెట్టని మనిషి, రెక్కకి ఆనుకుని భోరుమంది. "మిమ్మల్ని పంపించేసేదాన్ని" అంది. "ఆదివారం పొద్దున్నే నా చేతులతో పంపించేసేదాన్ని."

"పంపలేదుగా" అన్నాడు బాబాయి. లేచి, గుడ్డ పక్కన పడేసి, ఆవిడ వీపు నిమిరాడు.

కబురు చేస్తే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ గుడ్డని వెలుతురులోకి పట్టి చూశాడు. "ఇది కొట్టి కనిపెట్టడం నా వల్ల అయ్యేది కాదమ్మా, ఎవరి వల్లా అయ్యేది కాదు" అని, తన సంతకాన్ని తనే కొట్టేసి, కూర్చుని మాతోపాటు టీ తాగి వెళ్ళాడు.

ఆ రెక్కని ముక్కలు చేసి పారేశారు. పిన్ని ఫ్యాక్టరీకి వెళ్ళి, టీ టైములో అందరి ముందూ ఈ సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. ముందుగా ఆ కొత్తావిడకి. మా అమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఇంత అనుభవం ఉండి ఇలా చేశానని చాటింపు వేసుకోవడానికి సిగ్గు లేదుటే?" అంది.

"ఎందుకు లేదక్కా, బోలెడుంది. అయినా చెప్పాలి. రేపు ఇంకొకళ్ళు ఇంట్లో మొదలుపెడతారు, వాళ్ళకీ ఈ అలవాట్లే ఉంటాయి కదా."

షెడ్డులో మళ్ళీ ఫోము దిమ్మలు దిగాయి. ఈసారి నాకు చెప్పలేనంత నచ్చిన దృశ్యం ఒకటుంది. బాబాయి కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, పిన్ని కుట్టు మిషను ముందు కూర్చుని, లైనింగు గుడ్డకి బారునా ఎర్ర దారం కుట్టడం. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు. ఆ కుట్టు పాము పాకినట్టు అటూ ఇటూ పోయేది.

"మీ స్కూల్లో ఎవరైనా బండి ఇలా నడిపితే పాసు చేస్తారా?" అనేది పిన్ని.

"దారం కనిపించాలన్నావు గానీ తిన్నగా ఉండాలన్నావా?" అనేవాడు ఈయన.

పని ముందుకన్నా నెమ్మదిగా నడిచింది. లాగిన ప్రతి గుడ్డనీ అది ఎక్కడిదో రాసి గోడకి మేకు కొట్టి తగిలించేవాళ్ళు. ఏదైనా అతికించే ముందు ఇద్దరూ కలిసి గోడ దగ్గరికి వెళ్ళి చూసుకునేవాళ్ళు. వెనకటిలా పిన్ని ఒక్కతే చకచకా చేసుకుపోవడం లేదు, బాబాయి దూరంగా కూర్చుని ఇంజనుతో కుస్తీ పట్టడం లేదు. నన్నడిగితే ఆ రెక్క రెండోసారి కడుతున్నప్పుడే వాళ్ళిద్దరూ ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇన్‌స్పెక్టరు కూడా ఈసారి అతికించడానికి ముందే వచ్చి చూసి వెళ్ళాడు.

ఏడాది దాటాక మళ్ళీ ఒక ఆదివారం వచ్చింది. గాలి లేదు. మా అమ్మ రానంది, చూడలేనంది. రన్‌వే పక్కన కంచె దగ్గర పిన్ని, నేను నిలబడ్డాం. బాబాయి ఎక్కి, బెల్టులు బిగించుకుని, "వెళ్ళొస్తా" అన్నాడు. పిన్ని తల ఊపింది.

పరిగెత్తింది. లేచింది. లేవగానే రెక్కల కొసలు కొద్దిగా పైకి వంగాయి.

"పిన్నీ, వంగుతున్నాయే!"

"వంగుతాయి. బరువెత్తుకున్నాయిగా" అంది, కళ్ళు తిప్పకుండానే. మాట నిబ్బరంగానే ఉంది గానీ, నా మణికట్టు మీద ఆవిడ వేళ్ళ గుర్తులు ఆ సాయంత్రం దాకా పోలేదు.

బాబాయి రన్‌వే చుట్టూ తిరిగాడు. పెద్ద మలుపులు, చిన్న మలుపులు. ఒక్కో మలుపులో కుడి రెక్క మా వైపు వాలినప్పుడల్లా పిన్ని ఊపిరి బిగబట్టేది. నేను విమానాన్ని చూడటం మానేసి ఆవిణ్ణే చూడసాగాను. ఇంజను శబ్దం తగ్గింది, దిగుతున్నాడు. చక్రాలు ఒకసారి తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలాయి. విమానం మా ముందుకి వచ్చి ఆగింది.

బాబాయి పైమూత ఎత్తి, టోపీ తీసి, పెళ్ళికొడుకులా నవ్వుతూ కూర్చున్నాడు. పిన్ని ఆయన దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా కుడి రెక్క దగ్గరికి పోయి, వంగి, జాయింటు పొడవునా కింద నుంచీ పై నుంచీ చూడటం మొదలుపెట్టింది.

"ఏమిటిది, పైనుంచి దిగొచ్చిన మనిషిని పలకరించవా?"

"ఉండండీ, దీన్ని చూడనివ్వండి."

వెంట్రుకంత పగులు కూడా లేదు. పిన్ని నిటారుగా నిలబడింది. చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇన్నేళ్ళలో ఎన్ని తోకలు పరిచానో" అంది. "అన్నీ లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. ఎక్కడ ఎగిరాయో, ఎక్కడ దిగాయో నాకేం తెలుసు? వెళ్ళడమే చూశాను. నేను చేసింది ఎగిరి, మళ్ళీ నా దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. అందులో మీరు ఉండటం."

బాబాయి టోపీని చేతుల్లో కాసేపు తిప్పాడు.

"ఇంకోసారి వెళ్ళి రానా?" అని అడిగాడు.

"వెళ్ళి రండి. పెట్రోలు చూసుకోండి" అని పిన్ని రెక్కకి అడ్డు తప్పుకుంది.